ఇంటిదొంగకు తాళమేది? – బ్రౌజరు అనుబంధముల మంచిచెడ్డలు

ఇంటిదొంగను ఈశ్వరుడైనను పట్టలేడని పెద్దల మాట. వీధి తలుపునకు ఎంత గట్టి గడియ వేసినను, మనమే పిలిచి లోపల కూర్చుండబెట్టిన వానిని ఆ గడియ ఏమియు చేయజాలదు. కంప్యూటరు వాడు ప్రతి విద్యార్థియు ఎరుగవలసిన ఒక విషయమునకు ఈ సామెత చక్కగా అన్వయించుచున్నది. అది మనము బ్రౌజరునకు తగిలించుకొను చిన్న చిన్న అనుబంధముల సంగతి. వీనిని ఎక్స్‌టెన్షన్లనియు, యాడ్-ఆన్లనియు పిలుచుట వాడుక. వీనిలో ఏది నమ్మదగినదో, ఏది కాదో తేల్చుకొను పద్ధతిని ఈ వ్యాసమున వివరింపదలచినాము.

బ్రౌజరు అనగా ఇంటర్నెట్టులోని పుటలను మనకు తెచ్చి చూపు సాధనము. క్రోమ్, ఫైర్‌ఫాక్స్, ఎడ్జ్ ఇట్టివి. దీనికి లేని శక్తిని కలిగించుటకు ఇతరులు వ్రాసిన చిన్న ప్రోగ్రామే అనుబంధము. 2004లో వెలువడిన ఫైర్‌ఫాక్స్ తొలి ప్రతి నుండియే ఈ సౌకర్యమున్నది. క్రోమ్‌నకు 2010 నాటికి సమకూరినది. ప్రకటనలను ఆపుట, పదములకు అర్థము చూపుట, ఆంగ్లాక్షరములతో కొట్టినదానిని తెలుగు లిపిలోనికో, ఉర్దూ లిపిలోనికో మార్చుట మొదలైన పనులను ఇవి చేయును. వీనిలో మేలైనవి అనేకములు కలవు. కావున అనుబంధములన్నియు చెడ్డవని మా వాదము కాదు.

మన సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటరుకు కంప్యూటరు కొనబోవువారు నాలుగు దుకాణములు తిరిగి, ధర విచారించి, గ్యారంటీ కాగితము చూచి గాని డబ్బు చేతికీయరు. అదే కంప్యూటరులో ఒక అనుబంధమును చేర్చునప్పుడు మాత్రము ఒక్క క్షణమైనను ఆలోచింపరు. అది ఉచితము గదా అని ధీమా. కాని ఆ బ్రౌజరులోనే మన విద్యార్థులు డిగ్రీ ప్రవేశమునకు ‘దోస్త్’లో పేరు నమోదు చేసికొనుచున్నారు. ‘ఈ-పాస్’లో ఉపకారవేతనపు దరఖాస్తు నింపుచున్నారు. ఆధార్ సంఖ్య, ఆదాయ ధ్రువపత్రము, బ్యాంకు ఖాతా సంఖ్య అన్నియు ఆ తెర మీదనే ఉండును. ఒక కుటుంబము ఏడాది పొడుగున ఎదురుచూచిన ఉపకారవేతనము జమ కావలసిన ఖాతా వివరములవి.

చిరునామా పట్టీలో తాళపు గుర్తు ఉన్నది కదా, భయమేల అని కొందరు అడుగుదురు. ఆ తాళము మన కంప్యూటరునకును, అవతలి వెబ్‌సైటునకును నడుమ దారిలో ఎవరును చదువకుండ కాపాడునది మాత్రమే. అక్షరములు గమ్యము చేరి తెరపై విడివడిన తరువాత, అనుమతి పొందిన అనుబంధము వానిని మనవలెనే చదువగలదు. అంతేకాదు, మనము లోనికి ప్రవేశించితిమని గుర్తుగా బ్రౌజరు దాచుకొను కుకీలను అది అపహరించినచో, పాస్‌వర్డు గాని, ఫోనుకు వచ్చు ఓటీపీ గాని లేకయే మన ఖాతాలోనికి పరులు జొరబడవచ్చును.

ఇది ఊహామాత్రము కాదు. గూగుల్ సంస్థ తన క్రోమ్ భాండాగారము నుండి 106 అనుబంధములను తొలగించిన సందర్భమున, భారత ప్రభుత్వ సంస్థయైన సెర్ట్-ఇన్ 2020లో దేశప్రజలకు హెచ్చరిక జారీ చేసినది. శోధనను మెరుగుపరచుదుమనియు, ఫైళ్ల రూపము మార్చుదుమనియు, భద్రతను తనిఖీ చేయుదుమనియు చెప్పుకొన్న ఆ అనుబంధములకు తెర చిత్రములు తీయుట, కుకీలు అపహరించుట, కొట్టిన పాస్‌వర్డులు పసిగట్టుట చేతనగునని తేలినది. ఆ ముఠాను బయటపెట్టిన అవేక్ సెక్యూరిటీ పరిశోధకుల లెక్క ప్రకారము అవి 3 కోట్ల 20 లక్షలకు పైగా పర్యాయములు డౌన్‌లోడు అయినవి.

మరి విచక్షణ ఎట్లు? నాలుగు పరీక్షలను సూచించుచున్నాము.

మొదటిది, పని యెంత, అడుగు అధికారమెంత అని చూచుట. చేర్చుకొను సమయమున బ్రౌజరు ఒక చిన్న పెట్టెలో ఆ అనుబంధము కోరు అనుమతులను చూపును. అందు ‘అన్ని వెబ్‌సైట్లలో మీ సమాచారమును చదువుట, మార్చుట’ అన్నది మిక్కిలి బరువైనది. ప్రకటనలు ఆపు సాధనమునకు అది నిజముగనే అవసరము. గడియారమో, లెక్కల యంత్రమో అదే అడిగినచో, బావి తవ్వవచ్చినవాడు బీరువా తాళపుచెవి అడిగినట్లే. లిపి మార్చు అనుబంధము మనము కొట్టు ప్రతి అక్షరమును చూచునని మరువరాదు. విండోస్‌లో తెలుగు, ఉర్దూ కీబోర్డులు రెండును ముందే ఉన్నవి. సెట్టింగులలో ఆ భాషను చేర్చుకొన్నచో పరుల సాయముతో పనియే లేదు.

రెండవది, చేసినవారెవరు, వారి జీవనాధారమేమి అని విచారించుట. ఉచితమగుట దోషము కాదు. ఫైర్‌ఫాక్స్‌లో ప్రసిద్ధమైన యూబ్లాక్ ఆరిజిన్ ఉచితమే. దాని మూలరచనను ఎవరైనను చదివి చూడవచ్చును. కాని చిరునామా లేక, గోప్యతా విధానము లేక, ఆదాయమార్గమేదో తెలియనిచో సందేహింపవలసినదే. ‘వెబ్ ఆఫ్ ట్రస్ట్’ అను అనుబంధము ఏ వెబ్‌సైటు నమ్మదగినదో రంగుల గుర్తులతో చెప్పుచుండెడిది. తన వినియోగదారులు దర్శించిన పుటల వివరములు దాని ద్వారానే ఇతరులకు చేరుచున్నవని 2016 నవంబరులో జర్మనీ ప్రసారసంస్థ ఎన్.డి.ఆర్. విలేఖరులు వెల్లడించినారు. కంచెయే చేను మేసిన వైనమిది.

మూడవది, నక్షత్రములను, సంఖ్యలను చూచి మోసపోకుండుట. 2017 అక్టోబరులో యాడ్‌బ్లాక్ ప్లస్ పేరునే ధరించిన నకిలీ యొకటి క్రోమ్ భాండాగారమున చేరగా, సుమారు 37,000 మంది దానిని తెచ్చుకొన్నారు. కావున పేరుతోపాటు తయారీదారు పేరును సరిపోల్చవలెను. పొగడ్తల కన్న ఇటీవలి ఫిర్యాదులను ముందు చదువవలెను. ఫైర్‌ఫాక్స్ ‘సిఫారసు’ ముద్ర, క్రోమ్ ‘ఫీచర్డ్’ ముద్ర కొంత భరోసా నిచ్చును గాని, అవి పూచీకత్తు కావు. ఉర్దూలో ‘నీమ్ హకీమ్ ఖతరా-ఏ-జాన్’ అందురు. అరకొర వైద్యుని వలన ప్రాణమునకే ముప్పని దాని భావము. ఒక్క ముద్రను చూచి సరిపెట్టుకొన్న జ్ఞానమును అట్టిదే.

నాలుగవది, కాలపరీక్ష. మనము గమనింపనిది ముఖ్యముగ దీనినే. నేడు మంచిదైనది రేపును మంచిదిగా ఉండవలెనని లేదు. ‘ది గ్రేట్ సస్పెండర్’ అనునది సుమారు 20 లక్షల మంది మెచ్చి వాడినది. 2020లో దానిని మొదటి యజమాని అమ్మివేసెను. కొన్నవారి చేతిలో అది చెడి, 2021 ఫిబ్రవరిలో గూగుల్ దానిని తొలగించినది. 2024 డిసెంబరులో సైబర్‌హేవెన్ అను భద్రతా సంస్థ ఉద్యోగి ఒకరు మోసపూరితమైన ఈ-మెయిలునకు చిక్కగా, దుండగులు సుమారు 4 లక్షల మంది వాడుచున్న ఆ సంస్థ అనుబంధమునకు క్రిస్మసు వేళ విషపు ప్రతిని ఎక్కించినారు. యజమాని నిజాయితీపరుడే, అయినను హాని తప్పలేదు. ఇచట ఒక సూక్ష్మము కలదు. కొత్త ప్రతి అదనపు అధికారమును కోరినచో బ్రౌజరు దానిని నిలిపి మనలను మరల అడుగును. మొదటనే సర్వాధికారమిచ్చి యుంటిమా, ఇక అడుగవలసినది ఉండదు. నవీకరణ నిశ్శబ్దముగా లోనికి వచ్చును. కావున మొదటి అనుమతియే అసలు నిర్ణయము.

ఈ నాలుగును కలిపి చూడగా తేలునదేమి? ఏ పరీక్షయు శాశ్వతమైన హామీ నీయజాలదు. సంఖ్యను తగ్గించుకొనుటయే మేలైన రక్ష. నెలకొకమారు బ్రౌజరులోని అనుబంధముల పట్టికను తెరచి, వాడనివానిని తొలగింపవలెను. ఉంచుకొన్నవానికి వీలైనచోట ‘నొక్కినప్పుడు మాత్రమే’ అను అనుమతినీయవలెను. దరఖాస్తులు, బ్యాంకు పనులు ప్రైవేటు కిటికీలో చేయుట మంచిది. మనము ప్రత్యేకముగా అనుమతింపనిదే అనుబంధములు అచట పనిచేయవు. అనుమానమైనదానిని తీసివేసిన పిదప అన్ని ఖాతాల నుండి బయటకు వచ్చి, పాస్‌వర్డులు మార్చవలెను. ధననష్టము జరిగినచో ఆలస్యము చేయక 1930 నంబరునకు ఫోను చేయవలెను.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక విన్నపము. ప్రయోగశాలలోను, గ్రంథాలయములోను ఉన్న కంప్యూటర్లను ఒకరి తరువాత ఒకరుగా ఎందరో వాడుదురు. ఒకరు చేర్చి మరచిన అనుబంధము తరువాతివారి దరఖాస్తును చదువవచ్చును. క్రోమ్, ఎడ్జ్, ఫైర్‌ఫాక్స్ మూడింటిలోను నిర్వాహకుడు ఆమోదించిన అనుబంధములు తప్ప వేరేవి చేర్చుటకు వీలులేకుండ కట్టడి చేయు ఏర్పాటున్నది. దీనికి ప్రత్యేకముగా ఖర్చు లేదు. అధ్యాపకులొకరు, విద్యార్థులొకరు కూడి ఒక చిన్న ఆమోదపు పట్టికను తయారుచేసి, ప్రతి పరీక్షాకాలమునకు ముందు సరిచూచినచో చాలును. ప్రవేశముల వేళ రాకముందే ఆ పని పూర్తియగునని ఆశించుచున్నాము.