309 రెట్లు: మందును అరిగించుకునే పురుగు లెక్క

డీడీటీ ఏడేళ్లు పనిచేసింది. డీల్‌డ్రిన్ మూడేళ్లు. ఎండ్రిన్ ఒక్క ఏడాది. న్యూయార్క్ రాష్ట్రంలోని లాంగ్ ఐలాండ్ ఆలుగడ్డ పొలాల్లో కొలరాడో పెంకుపురుగు ముందు ఏ మందు ఎన్నాళ్లు నిలిచిందో చెప్పే పట్టిక ఒకటుంది. కీటకశాస్త్రంలో అది బాగా పేరుబడ్డది. అందులో అజిన్‌ఫాస్ మిథైల్ 1959లో వచ్చి 1964లో చేతులెత్తేసింది. మన వరి రైతులు 3జీ గుళికలుగా ఎరిగిన కార్బోఫ్యూరాన్ 1974లో అక్కడికి చేరి 1976కల్లా పనికిరాకుండా పోయింది. ఆక్సామిల్‌ది మరీ అన్యాయం: వాడకం మొదలైంది 1978లో, ఓడిపోయిందీ 1978లోనే. ఇప్పటికి ఈ పురుగు ప్రపంచంలో ఏదో ఒక చోట తట్టుకున్న మందుల సంఖ్య 50 దాటింది. డీడీటీకి పేరు తెచ్చిన తొలి పరీక్షల్లో, 1939 ప్రాంతంలో స్విట్జర్లాండ్‌లో, చచ్చి చూపించింది కూడా ఈ పురుగే.

చూడటానికి సెంటీమీటరు పొడవుంటుంది. పసుపు రెక్కల మీద అటు ఐదు, ఇటు ఐదు నల్ల చారలు. మన వంగ తోటల్లో ఆకును జల్లెడ చేసే అక్షింతల పురుగులాగే ఇదీ ఆకు మీదే బతుకుతుంది, తిండి మాత్రం చాలా ఎక్కువ. పిల్లపురుగుగా ఉన్నన్నాళ్లూ దాదాపు 40 చదరపు సెంటీమీటర్ల ఆకు తింటుంది. పెద్దదయ్యాక రోజుకు 10 దాకా తింటుంది. ఆడపురుగు 300 నుంచి 800 గుడ్లు పెడుతుంది. 500 అనుకుని, అన్నీ బతికాయనుకుంటే, ఒక్క తల్లి సంతానం పిల్లదశలోనే రెండు చదరపు మీటర్ల ఆకును మింగేస్తుంది. మన దేశంలోకి ఇది ఇంకా రాలేదు. రావద్దనే కోరుకుందాం.

ఇక 309 సంగతి. 1995లో అమెరికా ఆలు పొలాల్లోకి ఇమిడాక్లోప్రిడ్ వచ్చింది. మన పత్తి, మిరప రైతులకు ఈ పేరు కొత్త కాదు. కొన్నాళ్లు అద్భుతంగా పనిచేసింది. తర్వాత లాంగ్ ఐలాండ్ పురుగులను పట్టుకొచ్చి, మందు తగలకుండా ల్యాబులో పెంచిన పురుగులతో పోల్చి చూశారు. ఇలాంటి పరీక్షల్లో కొలిచేది సగం పురుగులు చచ్చే మోతాదు. ఎన్ని నానోగ్రాములకు మామూలు పురుగుల్లో సగం చస్తాయి, పొలం పురుగుల్లో సగం చావడానికి ఎన్ని కావాలి, రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే ఎంత? 2000లో ప్రచురితమైన ఒక పరిశోధనలో పెద్ద పురుగులకు ఈ నిష్పత్తి 100.8 వచ్చింది. అదే పొలం పిల్లపురుగులకు 13.2. ఆరేళ్ల తర్వాత వెలువడిన మరో అధ్యయనంలో లాంగ్ ఐలాండ్ పెద్ద పురుగులకు 309.

పొలానికి ఈ అంకె ఏం చెబుతోంది? పురుగు చావకపోతే మనం మొదట చేసే పని డోసు పెంచడం. లీటరు నీటికి వేసే మందును రెట్టింపు చేస్తాం, మరీ మొండికేస్తే మూడింతలు. 309 రెట్లు ఓర్చుకునే పురుగుకు ఆ తేడా తెలియనే తెలియదు. చచ్చేవి ఇంకా మందుకు లొంగే పురుగులు. అవి మిగిలి ఉంటే మొండి పురుగులతో జతకట్టి, తర్వాతి తరాన్ని కొంతైనా మెత్తబరిచేవి. కాబట్టి డోసు పెంచడం దండగే కాదు, కలుపు తీయబోయి పైరు పీకడం కూడా. 2000 నాటి పరిశోధనలో పిల్లపురుగులకు వచ్చిన 13.2ను మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు. మందు కొట్టక తప్పకపోతే పురుగు చిన్నగా ఉన్నప్పుడే కొట్టాలన్న పాత సలహాకు అంతకంటే గట్టి లెక్క నాకు కనబడలేదు.

అయితే 309 అనేది ఎంత అన్నదానికే జవాబు. ఎందుకు అన్నది అడగాలంటే పురుగు ఒంట్లోకి, ఎంజైమ్‌ల దగ్గరికి వెళ్లాలి. ఈ కథలో ఎంజైమ్‌లు రెండు పక్షాల్లోనూ ఉన్నాయి. కొన్ని మందుకు గురి. ఆర్గానోఫాస్ఫేట్, కార్బమేట్ మందులు నరాల్లోని ఎసిటైల్‌కోలిన్‌ఎస్టరేజ్‌ను పట్టుకుని ఆపేస్తాయి. నరం నుంచి నరానికి సంకేతం అందించే రసాయనం పని అయ్యాక తొలగిపోవాలి, ఆ పని చేసేది ఈ ఎంజైమే. అది ఆగితే పురుగు వణికి వణికి చస్తుంది. అజిన్‌ఫాస్ మిథైల్‌ను తట్టుకున్న కొలరాడో పురుగుల్లో ఈ ఎంజైమ్‌లో ఒకే ఒక్క అమైనో ఆమ్లం మారిందని 1996లో తేల్చారు: సెరీన్ ఉండాల్సిన చోట గ్లైసిన్. ఆ ఒక్క మార్పుతో మందుకు పట్టు తప్పింది.

రెండో పక్షం ఎంజైమ్‌లు మందును విరిచి, కరిగించి, బయటికి తోసేస్తాయి. వీటిలో పెద్ద కుటుంబం సైటోక్రోమ్ పీ450లు. ఎస్టరేజ్‌లు, గ్లూటాథియోన్ ట్రాన్స్‌ఫరేజ్‌లు వాటికి తోడు. మనిషి జన్యువుల్లో పీ450 రకాలు 57. తేనెటీగలో 46. వంటింట్లో రవ్వ డబ్బాలోనో గోధుమపిండిలోనో కనిపించే ఎర్ర పిండిపురుగులో 130కి పైన. ఆ చిన్న పురుగుకు ఇన్నెందుకంటే, తినే తిండిలో మొక్క పెట్టిన విషాలు ఉండొచ్చు కనుక. కొలరాడో పురుగు కథ కూడా అంతే. అది మొదట బతికింది వాకుడు జాతికి చెందిన ఒక అడవి ముళ్లమొక్క మీద. 1859లో నెబ్రాస్కాలో ఆలు చేలమీద పడింది, 1874కల్లా అట్లాంటిక్ తీరం చేరింది. ఆలు ఆకులో సోలనిన్, చాకోనిన్ అనే విషాలున్నాయి. వాటిని అరిగించుకునే సరంజామా దానికి అప్పటికే ఉంది. మనం ఆ సరంజామాకు కొత్త పని అప్పగించాం, అంతే. కెంటకీ విశ్వవిద్యాలయంలో మేఘా కల్సీ, సుబ్బారెడ్డి పల్లి 2017లో ప్రచురించిన పరిశోధన దీన్ని జన్యువుల స్థాయిలో చూపించింది. ఆలు ఆకు విషాలకు పురుగును అలవాటు చేసే పీ450 జన్యువుల్నీ, ఇమిడాక్లోప్రిడ్‌ను తట్టుకునేలా చేసే వాటినీ పురిగొల్పే మీట ఒకటే: సీఎన్‌సీసీ అనే ప్రోటీన్.

ఎంజైమ్ ఎక్కువగా తయారైతే చాలదు, సరైన చోట తయారు కావాలి. దీనికి చక్కటి ఉదాహరణ మళ్లీ పిండిపురుగే. డెల్టామెత్రిన్‌ను తట్టుకునే ఒక రకం పిండిపురుగులో సీవైపీ6బీక్యూ9 అనే పీ450 జన్యువు మామూలు పురుగుల్లో కంటే 200 రెట్లకు పైగా ఎక్కువ పనిచేస్తోందని 2010లో కనుగొన్నారు. అందరూ జీర్ణకోశంలో వెతుకుతారు. ఇది మాత్రం మెదడులో దొరికింది. డెల్టామెత్రిన్ దెబ్బకొట్టేది నరాలనే, కాబట్టి కాపలా ఉన్నదీ సరిగ్గా అక్కడే. ఆ జన్యువును అణచివేస్తే పురుగు మళ్లీ మందుకు లొంగింది. అదే జన్యువును పండు ఈగల్లో పెడితే అవి మందుకు గట్టిపడ్డాయి.

ల్యాబులో ఈ ఎంజైమ్‌ల చురుకుదనం కొలవడం చూడటానికి సులువుగానే ఉంటుంది. పురుగు పేగును మంచుమీద ఉంచిన ద్రావణంలో నూరి, వడిగా తిప్పి తేరుకున్న రసాన్ని 96 గుంటలున్న ప్లాస్టిక్ పళ్లెంలో పోస్తారు. ఎస్టరేజ్‌కైతే ఆల్ఫా నాఫ్తైల్ ఎసిటేట్ వేస్తారు. అది విరిగి వచ్చే పదార్థం రంగుతో కలిస్తే గుంట ముదురుతుంది. ముదురు ఎంతో యంత్రం చదువుతుంది. జవాబు మిల్లీగ్రాము ప్రోటీనుకు నిమిషానికి ఇన్ని నానోమోల్స్ అని వస్తుంది. చిక్కల్లా, ఆ గుంటలో విరిగింది పురుగుమందు కాదు, దానికి బదులుగా వేసిన నకలు. అందుకే ఎంజైమ్ చురుకు రెట్టింపైందని చెప్పి అక్కడితో ఆగిపోయే వ్యాసాలను కాస్త అనుమానంగానే చదవాలి. ఆ రెట్టింపుతో మందు నిజంగా విరుగుతోందా అన్నది వేరే ప్రశ్న.

దానికి దగ్గరి దారి పీబీఓ అనే పైపెరోనైల్ బ్యూటాక్సైడ్. అది తనంతట తాను పురుగును పెద్దగా చంపదు, పీ450లను పట్టుకుని కూర్చుంటుంది. నువ్వుల నూనె కలిపితే పైరెత్రం మందు పదునెక్కుతుందని 1940లో గమనించారు. నూనెలోని సెసమిన్‌లో ఉన్న వలయమే పీబీఓలోనూ ఉంది. పీబీఓ కలిపిన మందుతో పురుగు ఠక్కున లొంగితే నేరం చాలావరకు పీ450లదే అనుకోవచ్చు. లాంగ్ ఐలాండ్ రైతులు దీన్ని పరీక్షగా కాదు, ఆయుధంగానే వాడారు. ఫెన్‌వలరేట్ 1979లో వచ్చి 1981లో విఫలమైతే, 1982లో పీబీఓ కలిపి కొట్టారు. 1983లో ఆ మిశ్రమమూ ఓడింది. ఇమిడాక్లోప్రిడ్ విషయంలో పీబీఓ ఓర్పును కొంత తగ్గించింది గానీ పూర్తిగా కాదు. అంటే పీ450లతో పాటు ఇంకేదో కూడా ఉంది.

పేర్లు మార్చి కొట్టడం వల్ల ఒరిగేది ఎంత? ఇమిడాక్లోప్రిడ్ నియోనికోటినాయిడ్‌ల కుటుంబంలోది. అదే 309 రెట్ల పురుగులు ఆ కుటుంబంలో అంతకుముందు తగలని మందులను కూడా తట్టుకున్నాయి. డైనోటెఫ్యూరాన్‌కు 59 రెట్లు, క్లోథియానిడిన్‌కు 33, ఎసిటామిప్రిడ్‌కు 29, థయామెథాక్సామ్‌కు 15. అంతర్జాతీయ వర్గీకరణలో ఇవన్నీ ఒకే గుంపు, 4ఎ. డబ్బా మీద కంపెనీ పేరు మారినా, రసాయనం పేరు మారినా, గుంపు మారకపోతే పురుగుకు పాత చుట్టమే. గుంపు మారినా పూచీ లేదు. గురి వేరైనా, విరిచే పీ450 ఒకటే కావచ్చు కదా. అందుకే మందుల మార్పిడి కంటే పంట మార్పిడికే నేను ఎక్కువ మార్కులేస్తాను. ఆలు తర్వాత అదే మడిలో ఆలు పెట్టకపోతే, నేలలో చలికాలం గడిపి లేచిన పురుగు తిండి కోసం నడవాల్సి వస్తుంది. నడవడానికి ఏ ఎంజైమూ సాయం చేయదు.

తాజా మందు పాత తరహా రసాయనం కాదు. పురుగు జన్యువును మూసేసే జంటపోగుల ఆర్‌ఎన్‌ఏ. ఆకు మీద చల్లే అలాంటి తొలి ఉత్పత్తి లెడ్‌ప్రోనాకు అమెరికా పర్యావరణ సంస్థ 2023 డిసెంబరులో అనుమతిచ్చింది, ఈ పెంకుపురుగు కోసమే. దానికి రెండేళ్ల ముందే మరో జన్యువుకు గురిపెట్టిన ఆర్‌ఎన్‌ఏతో ల్యాబులో ఓ ప్రయోగం జరిగింది. తొమ్మిది విడతలు వడగట్టేసరికి ఓర్పు 11,100 రెట్లు దాటింది. వేరే జన్యువును మూసే ఆర్‌ఎన్‌ఏ ఇచ్చినా ఆ పురుగులు ఖాతరు చేయలేదు. అవే పురుగులకు బీటీ ప్రోటీన్ క్రై3ఎఎ పెట్టినప్పుడు మాత్రం తేడా నాలుగు రెట్లే. పైగా ఈ ఓర్పు అంతర్గత లక్షణం, తల్లీతండ్రీ ఇద్దరి నుంచీ వస్తేనే బయటపడుతుంది. మందు కొట్టని పొలాల నుంచి మామూలు పురుగులు వచ్చి జతకట్టినంత కాలం పిల్లలు లెడ్‌ప్రోనా లాంటివాటికి లొంగే అవకాశం ఉంది.