7వ బిట్, 2 మెగాబైట్ల పేజీ

ఆపరేటింగ్ సిస్టమ్స్ క్లాసులో ఓ విద్యార్థి అడిగాడు: "1985లో ఇంటెల్ 386 వచ్చినప్పుడూ పేజీ 4 కిలోబైట్లే. ఇప్పుడు ర్యామ్ 16 గిగాబైట్లున్నా అంతేనా సార్?" మామూలుగా అంతే. కానీ ఇప్పటి ప్రాసెసర్లలో 2 మెగాబైట్ల పేజీకీ చోటుంది. ఆ ఏర్పాటు చూస్తే ముచ్చటేస్తుంది.

ప్రోగ్రామ్ అడిగిన చిరునామా ర్యామ్‌లో ఎక్కడుందో తేల్చడానికి 64 బిట్ల ఎక్స్86 ప్రాసెసర్ సాధారణంగా నాలుగు పట్టికలు తిరగేస్తుంది. ఒక్కో పట్టికలో 512 గడులు. ఏ గడి చూడాలో చిరునామాలోని 9 బిట్లు చెబుతాయి. చివరి 12 బిట్లు పేజీలో ఎన్నో బైటో చెబుతాయి. మూడో పట్టిక గడిలో 7వ బిట్‌ను 1 చేస్తే ప్రాసెసర్ నాలుగో పట్టిక జోలికే పోదు. దానికి కేటాయించిన 9 బిట్లూ ఆ 12తో చేరి 21 అవుతాయి. 21 బిట్లంటే సరిగ్గా 2 మెగాబైట్లు!

అసలు లాభం టీఎల్‌బీలో ఉంది. వెతికి పట్టుకున్న చిరునామాలను ప్రాసెసర్ అందులో దాచుకుంటుంది. ఇంటెల్ స్కైలేక్ రెండో స్థాయి టీఎల్‌బీలో 1536 గడులు. చిన్న పేజీలైతే అవి 6 మెగాబైట్లకే చాలుతాయి. పెద్ద పేజీలైతే 3 గిగాబైట్లకు సరిపోతాయి.

చిక్కంతా కెర్నెల్‌ది. ఆ 2 మెగాబైట్లు ర్యామ్‌లో వరసగా, తెగకుండా దొరకాలి. రైస్ యూనివర్సిటీలో హువాన్ నవారో, అలన్ కాక్స్ తదితరులు 2002లో ఓ దారి చూపారు. మొదటి 4 కిలోబైట్లు తాకగానే, బస్సు సీటుకు కర్చీఫ్ వేసినట్టు, చుట్టూ 2 మెగాబైట్లు ఆపి ఉంచాలి. 512 చిన్న పేజీలూ నిండాకే పెద్ద పేజీగా మార్చాలి. ఈలోగా ర్యామ్‌కు కరువొస్తే కర్చీఫ్ తీసెయ్యాలి. ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఈ దారే పట్టింది.

లైనక్స్‌కు అంత ఓపిక లేదు. ఆండ్రియా ఆర్కాంజెలీ రాసిన ట్రాన్స్‌పరెంట్ హ్యూజ్ పేజెస్ 2011లో 2.6.38 కెర్నెల్‌తో వచ్చింది. వీలైతే తొలిసారి తాకగానే 2 మెగాబైట్లూ ఇచ్చేస్తుంది. దొరక్కపోతే కేహ్యూజ్‌పేజ్‌డీ అనే థ్రెడ్ తర్వాత తీరిగ్గా చిన్న పేజీలను ఏరి కలుపుతుంది. వేగం బాగుంది, దుబారా కూడా ఉంది. రెడిస్ అనే డేటాబేస్ డిస్క్‌కు రాయడానికి నకలు ప్రాసెస్‌ను పుట్టించినప్పుడు, ఒక్క బైటు మారినా 2 మెగాబైట్లు కాపీ అయ్యేవి. అందుకే ట్రాన్స్‌పరెంట్ హ్యూజ్ పేజెస్‌ను ఆపేయమని రెడిస్ సలహా ఇచ్చింది. 2024లో లైనక్స్ 6.8తో మధ్య సైజు పేజీలూ వచ్చాయి.

నా ఓటు ఫ్రీబీఎస్‌డీకే. మీ డేటాబేస్‌కు ఏది నప్పుతుందో మాత్రం సెట్టింగ్ మార్చి, రెండు విధాలా నడిపి, కొలిచి తేల్చుకోండి.