ఉజనీ నీరు వెనక్కి జరిగితే

సోలాపూర్ అశోక్ చౌక్‌లో సాంచాల (మరమగ్గాల) చప్పుడు మధ్య బతికే పద్మశాలీల ఇళ్లలో ఉజనీ మాటొస్తే ముందు నీళ్ల లెక్కే వస్తుంది. ఊరికి ఆ డ్యామే పెద్ద ఆధారం. కుళాయి నీళ్లు మాత్రం రోజూ రావు. వేసవిలో ‘ఉజనీ మైనస్‌లోకి పోయింది’ అన్న వార్త అందరికీ గుబులే. భీమా నది మీద 1980లో పూర్తయిన ఈ జలాశయంలో సుమారు 117 టీఎంసీలు పడతాయి. అందులో 63కు పైగా మృత నిల్వ, నీరు ఆ మట్టం దాటి దిగితే మైనస్. నిండితే మంచిది, తగ్గితే చెడ్డది అన్న ఈ లెక్క మనకు సరే. కానీ ఉత్తర ధ్రువం దగ్గరి టండ్రాలో పిల్లల్ని చేసి చలికాలానికి ఇటు వచ్చే చిన్న ఉల్లంకి పిట్టలకు అది చాలదు. వాటికి నిండు డ్యామూ పనికిరాదు, బీటలు వారిన నేలా పనికిరాదు. కొద్దికొద్దిగా వెనక్కి జరిగే నీటి అంచు కావాలి.

ఉజనీ వెనుక జలాల ఒడ్డునున్న భిగ్వాన్‌లో జనం పడవలెక్కి చూసేది ఎక్కువగా ఫ్లెమింగోలనే. అసలు చూడాల్సింది పక్కనున్న బురద అని నా అభిప్రాయం. సుమారు పాతిక గ్రాములు తూగే చిన్న ఉల్లంకి తల వంచుకుని అంచు వెంటే గబగబా నడుస్తూ పైపొర మీది పురుగుల్ని ఏరుకుంటుంది. నల్లతోక గాడ్‌విట్ పొడుగు ముక్కును మొదలంటా బురదలో దించి, కంటికి కనబడని పురుగుని ముక్కు కొనతోనే పసిగడుతుంది. చిన్న ప్లవర్‌ది కంటి వేట: నాలుగడుగులు పరుగెత్తి, ఆగి, చూసి, పొడుస్తుంది. లోతు పెరిగితే పొట్టి కాళ్లకు నేల అందదు. బురద గట్టిపడితే ముక్కు దిగదు. మేయగలిగేది ఆ రెంటి మధ్య సన్నని పట్టీలోనే. అందుకే ఒకే చోట నిలిచిపోయిన అంచులో మేత త్వరగా అయిపోతుంది, జరిగే అంచు రోజూ కొత్త బురదను బయటపెడుతుంది. వసంతంలో తిరుగు ప్రయాణం మొదలుపెట్టడానికి కావలసిన కొవ్వు ఈ మేతతోనే పట్టాలి.

కుళాయి కోసం ఎదురుచూసే ఊళ్లో పిట్టల ముచ్చట దేనికని అడగొచ్చు. అది న్యాయమైన ప్రశ్నే. అయితే పిట్టల కోసం నీళ్లు వదలమని ఎవరూ అడగడం లేదు. పైర్లకూ ఊళ్లకూ నీళ్లు తోడుకునే కొద్దీ ఆ అంచు వెనక్కి జరుగుతుంది. మునకలో పొలాలు పోగొట్టుకున్నవాళ్లు తేలిన నేలలో నాలుగు గింజలు వేసుకుంటే తప్పా అన్న ప్రశ్న ఇంకా బరువైనది. తప్పు కాదు. నాగలి దిగాలంటే నేల కాస్త ఆరాలి, పిట్టకు తడి బురద కావాలి, ఇద్దరికీ చోటుంది. చోటు లేనిది ఇసుక తవ్వకానికీ, ఫొటో కోసం గుంపు మీదికి తోలే పడవకూ.

పిట్టలు బాగా వచ్చాయి కనుక నీళ్లు శుభ్రం అనుకోవడమూ పొరపాటే. పుణే మురుగు ములా-ముఠా, భీమాల మీదుగా ఇందులోకే చేరుతుంది. మురుగులో కొన్ని పురుగులు మరింత పెరుగుతాయి కూడా. కాబట్టి తలల లెక్క ఒక్కటే చాలదు. 1987 నుంచి ఆసియాలో ఏటా జనవరిలో నీటి పక్షుల గణన జరుగుతోంది. ఉజనీ దాకా పోలేనివాళ్లు ఊరి పక్కనే, 1871 నాటి హిప్పర్గా చెరువు గట్టున ఆ పని చేయొచ్చు. ఏ పిట్ట, ఎన్ని, ఎంత లోతులో మేస్తోంది అన్నదాని పక్కన ఆనాటి నీటి మట్టం కూడా రాసిపెట్టుకుంటే, ఏ మట్టం దగ్గర మేత బాగా దొరుకుతుందో కొన్నేళ్లలో తేలుతుంది.