వలస వంశం – మూలాన్వేషణ

మన ప్రబంధాల అవతారికలలో కృతిపతి వంశవర్ణన ఒక ముఖ్యాంశం. తాతముత్తాతల పేర్లను, వారి దానధర్మాలను, వారు ధరించిన బిరుదులను కవి వరుసగా కీర్తిస్తాడు. రాజులకు, మంత్రులకు, సంపన్నులకు ఇటువంటి భాగ్యం ఏదో ఒక రూపంలో అన్ని దేశాలలోను దక్కింది. కాని పొట్ట చేతపట్టుకొని దేశాంతరం పోయిన సామాన్య రైతుకు ప్రశస్తి రాసే కవి లేడు. అతని పేరు పన్నుల పట్టీలోనో, చర్చి పుస్తకంలోనో, ఓడ జాబితాలోనో ఒక పంక్తిగా మాత్రమే మిగులుతుంది. మూడు వందల సంవత్సరాల తరవాత అతని సంతతివారు ఆ ఒక్క పంక్తిని పట్టుకొని, ‘మా పూర్వులెవరు? వారి ఊరేది?’ అని ప్రశ్నించుకొంటే సమాధానం దొరకడం ఎలా? పద్దెనిమిదో శతాబ్దిలో జర్మన్ సీమనుంచి అమెరికాకు తరలివెళ్లిన కుటుంబాల చరిత్ర ఈ ప్రశ్నను అర్థం చేసుకోవడానికి చక్కని ఉదాహరణ.

ఆనాటికి జర్మనీ అనే ఏకరాజ్యం లేదు. ఆ ప్రాంతమంతా వందలాది సంస్థానాలుగా చీలి ఉండేది. రైన్ నదికి ఇరువైపులా ఉన్న పాలటినేట్ సీమ వాటిలో ఒకటి. 1618 నుంచి 1648 వరకు సాగిన ముప్పై సంవత్సరాల యుద్ధంలో అది ధ్వంసమైంది. కోలుకొంటున్న దశలో, 1688లో మొదలైన మరొక యుద్ధంలో ఫ్రెంచి సైన్యాలు దాని పట్టణాలను, గ్రామాలను తగులబెట్టాయి. ఇళ్లతోపాటు ఎన్నో చర్చిలలోని జనన, వివాహ, మరణ పుస్తకాలు కూడా బూడిదయ్యాయి. దీనికి తోడు 1709 ఆరంభంలో ఐరోపాను వణికించిన మహాశీతం ద్రాక్షతోటలను నాశనం చేసింది. పన్నుల భారంతో కుంగిపోయిన రైతులకు, సముద్రం ఆవల భూమి దొరుకుతుందన్న వార్త ప్రాణవాయువులా తోచింది.

1709లో సుమారు పదమూడు వేలమంది రైన్ నది వెంబడి రోటర్‌డామ్ చేరి, అక్కడినుంచి లండన్ వచ్చారు. నగర శివార్లలోని బ్లాక్‌హీత్ మైదానంలో వారికి గుడారాలు వేశారు. వీరిలో సుమారు మూడు వేలమందిని 1710లో న్యూయార్క్ పంపించారు. దారిలో ఓడలలో ప్రబలిన జ్వరాలకు వందలమంది మరణించారు. మిగిలినవారిని గవర్నర్ రాబర్ట్ హంటర్ హడ్సన్ నదీతీరంలో, నౌకాదళానికి కావలసిన తారు తయారుచేసే పనిలో పెట్టాడు. ఆ ప్రయత్నం 1712లో ఆగిపోయింది. ఆ తరవాత వారిలో కొందరు స్కోహరీ లోయకు, 1723 ప్రాంతంలో మరికొందరు పెన్సిల్వేనియాలోని టల్పహాకెన్ ప్రాంతానికి తరలిపోయారు. పెన్సిల్వేనియాలో 1683లోనే జర్మన్‌టౌన్ వెలిసింది. ఆ వలసరాజ్యానికి రేవుపట్టణమైన ఫిలడెల్ఫియా క్రమంగా జర్మన్ వలసలకు ముఖ్యద్వారమైంది. 1790 నాటికి పెన్సిల్వేనియా జనాభాలో సుమారు మూడో వంతు జర్మన్ సంతతివారే.

ఇంతమంది వచ్చినా వారిలో చాలా కుటుంబాల మూలం చీకటిలో ఉండిపోవడానికి కారణమేమిటి? మొదటి కారణం, వలసలో కుటుంబమే ముక్కలైపోవడం. పత్రికా స్వాతంత్ర్య చరిత్రలో ప్రసిద్ధుడైన జాన్ పీటర్ జెంగర్ జీవితం ఇందుకు నిదర్శనం. 1710లో న్యూయార్క్ చేరేనాటికి అతనికి పదమూడేళ్లు. తండ్రి సముద్రయానంలోనే మరణించాడు. అధికారులు బాలుణ్ణి విలియం బ్రాడ్‌ఫర్డ్ అనే ముద్రాపకుని వద్ద ఎనిమిదేళ్లపాటు పని నేర్చుకొనే ఒప్పందం మీద అప్పగించారు. ఆ బాలుడే పెద్దవాడై పత్రిక నడిపి, గవర్నరును విమర్శించి, 1735లో కోర్టు విచారణను ఎదుర్కొని నిర్దోషిగా బయటపడ్డాడు. అందువల్ల అతని పేరు చరిత్రలో నిలిచింది. ఆ ఏడాది అతనివలెనే తల్లి ఒడినుంచి వేరై, పరాయి ఇళ్లకు చేరిన పిల్లలు ఇంకా ఎందరో ఉన్నారు. పదేళ్లు నిండని బిడ్డకు తన ఊరి పేరు ఎంతకాలం గుర్తుంటుంది? తాత పేరు చెప్పేవారెవరు? తరవాతి కాలంలో కూడా ఓడ ఛార్జీ చెల్లించలేనివారు కొన్నేళ్ల చాకిరీకి ఒప్పుకొని ఆ బాకీ తీర్చేవారు. తల్లిదండ్రులు ఒకచోట, పిల్లలు మరొకచోట పనిచేసిన సందర్భాలు అనేకం. వంశచరిత్రలో కనిపించే ఖాళీ చాలాసార్లు ఇటువంటి ఎడబాటుకు గుర్తు.

రెండో కారణం, లభించే పత్రాల పరిమితి. పెన్సిల్వేనియా ప్రభుత్వం 1727 నుంచి, ఓడ దిగిన విదేశీయులచేత ఇంగ్లండు రాజుకు విధేయులమని ప్రమాణం చేయించి సంతకాలు తీసుకొన్నది. ఈ జాబితాలను స్ట్రాస్‌బర్గర్ సేకరించగా, హింకె పరిష్కరించి 1934లో మూడు సంపుటాలుగా ప్రకటించాడు. అమెరికా అధ్యక్షుడైన ఐసెన్‌హవర్ పూర్వుడు హాన్స్ నికోలస్ 1741లో ఫిలడెల్ఫియా చేరిన సంగతి ఇటువంటి జాబితాలవల్లనే నిర్ధారణ అయింది. అయితే ప్రమాణం చేసినవారు పదహారేళ్లు దాటిన పురుషులు మాత్రమే. స్త్రీల పేర్లు, పిల్లల పేర్లు చాలావరకు వాటిలో లేవు. జబ్బుపడి ఓడలోనే ఉండిపోయినవారు సంతకం చేయలేదు. అన్నింటికంటె ముఖ్యమైన లోపం, వచ్చినవాని స్వగ్రామం పేరు సాధారణంగా వాటిలో లేకపోవడం. పైగా ఆంగ్లేయుల దృష్టిలో జర్మన్ మాట్లాడే ప్రతివాడూ ‘పాలటైన్’ వాడే. కాబట్టి పత్రంలో ఆ మాట ఉన్నంతమాత్రాన ఆ వ్యక్తి నిజంగా పాలటినేట్ వాడని చెప్పలేం. అతడు వుర్టెంబర్గ్ వాడు కావచ్చు, స్విట్జర్లాండు వాడు కావచ్చు.

మూడో చిక్కు పేర్లలో ఉంది. జర్మన్లు బిడ్డకు జ్ఞానస్నాన సమయంలో తరచుగా రెండు పేర్లు పెట్టేవారు. మొదటిది చాలాసార్లు ‘యోహాన్’. ఇంట్లో పిలిచేది రెండో పేరుతో. అందువల్ల ఒకే ఇంట్లో అన్నదమ్ములందరికీ మొదటి పేరు యోహాన్ కావడం వింత కాదు. యోహాన్ జార్జి అనే వ్యక్తి తరవాతి పత్రాలలో ఒట్టి జార్జిగా కనిపిస్తాడు. ఇంటిపేర్ల స్థితి ఇంకా జటిలం. ఆంగ్లేయ గుమాస్తా తన చెవికి వినిపించినట్లు రాసుకొనేవాడు. ముల్లర్ మిల్లర్ అయ్యాడు, హూబర్ హూవర్ అయ్యాడు, క్యూస్టర్ కస్టర్ అయ్యాడు. కొందరు ఇంటిపేరును అనువదించుకొన్నారు. వడ్రంగి అనే అర్థంగల జిమ్మర్మన్ ఇంగ్లీషులో కార్పెంటర్ అయ్యాడు. నలుపు అనే అర్థంగల ష్వార్జ్ బ్లాక్ అయ్యాడు. తాళపత్ర ప్రతులలోని పాఠాంతరాలను పోల్చిచూసే పరిష్కర్తవలె, వంశచరిత్ర పరిశోధకుడు కూడా ఒకే పేరుకు గల భిన్నరూపాలను పక్కపక్కన పెట్టి పరిశీలించవలసి ఉంటుంది.

పేరును మాత్రమే నమ్ముకొంటే ఎంతటి ప్రమాదమో తెలిపే సంఘటన ఒకటి ఉంది. అబ్రహాం లింకన్ తాత పేరు కూడా అబ్రహామే. 1780 నాటి ఒక భూమిపత్రంలో ఆయన ఇంటిపేరు ‘లింక్‌హార్న్’ అని ఉంది. ఇది జర్మన్ పేరువలె ధ్వనిస్తుంది. లింకన్ పూర్వులు పెన్సిల్వేనియాలో జర్మన్ల మధ్య నివసించిన మాట కూడా నిజమే. ఈ రెండింటిని కలిపి, లింకన్ జర్మన్ సంతతివాడని ఇరవయ్యో శతాబ్ది ఆరంభంలో కొందరు వాదించారు. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో జర్మన్ ఆచార్యుడైన మారియన్ డెక్స్టర్ లెర్నెడ్ ఈ వాదాన్ని పరీక్షించాడు. భూమిపత్రాలను, వీలునామాలను, కోర్టు కాగితాలను తరం తరంగా జోడించి చూశాడు. లింక్‌హార్న్ అనేది గుమాస్తాల చేతిలో మారిన రూపమేనని, ఆ కుటుంబం 1637లో ఇంగ్లండునుంచి మసాచుసెట్స్ వచ్చిన శామ్యూల్ లింకన్ సంతతి అని 1909లో గ్రంథరూపంలో నిరూపించాడు. అమెరికాలోని జర్మన్ల చరిత్రను జీవితకాలం అధ్యయనం చేసిన ఆ పండితునికి లింకన్‌ను జర్మనుడని చెప్పుకోవడం ఎంతో ఇష్టమైన విషయమే అయి ఉండాలి. అయినా ఆయన తన అభిమానాన్ని పక్కన పెట్టి ఆధారం చెప్పిన మాటను అంగీకరించాడు. పరిశోధకునికి ఉండవలసిన మొదటి గుణం ఇదే.

మరి సరైన పద్ధతి ఏది? తెలిసినదానినుంచి తెలియనిదానికి, నేటినుంచి నిన్నటికి ఒక్కొక్క తరంగా వెనక్కు నడవడమే సరైన పద్ధతి. జర్మనీలో ఒక పేరును ముందుగా ఎన్నుకొని, దానికి అమెరికా కుటుంబాన్ని అతికించడం తలకిందుల పని. మొదట వలస వచ్చిన వ్యక్తి అమెరికాలో వదిలిన గుర్తులన్నింటిని సేకరించాలి. వీలునామాలో భార్యాబిడ్డల పేర్లుంటాయి. భూమిపత్రంలో ఇరుగుపొరుగువారి పేర్లుంటాయి. జ్ఞానస్నానాల పుస్తకంలో బిడ్డకు సాక్షులుగా నిలిచినవారి పేర్లుంటాయి. వీరు సాధారణంగా బంధువులో, పాత ఊరివారో అయి ఉంటారు. బెత్లెహేమ్ పట్టణంలోని మొరావియన్ సంఘంవారు తమ జీవితకథలను తామే రాసిపెట్టే ఆచారం ఉండేది. పుట్టిన ఊరు, తల్లిదండ్రుల పేర్లు వాటిలో దొరకడం పరిశోధకుల అదృష్టం.

వలస వెళ్లేవారు ఒంటరిగా బయలుదేరరు. ఒకే ఊరివారు, ఒకే చర్చివారు గుంపుగా కదులుతారు, ఒకే ఓడ ఎక్కుతారు, కొత్తచోట కూడా పక్కపక్కనే ఇళ్లు కట్టుకొంటారు. అందుచేత ఒకరి స్వగ్రామం తెలియనప్పుడు అతని పొరుగువారి స్వగ్రామాన్ని వెతకడం ఒక ఫలవంతమైన మార్గం. 1710లో న్యూయార్క్ వచ్చిన 847 కుటుంబాలను హెన్రీ జోన్స్ అనే పరిశోధకుడు దశాబ్దాలపాటు అధ్యయనం చేసి, 1985లో గ్రంథం వెలువరించాడు. ఒక కుటుంబం ఊరు తెలిసిన వెంటనే ఆ ఊరి చర్చి పుస్తకాలలోను, చుట్టుపక్కల పల్లెలలోను మిగిలినవారికోసం వెతకడం ఆయన అనుసరించిన పద్ధతి. కొన్ని చర్చి పుస్తకాలలో ఒక పేరు పక్కన, ఆ వ్యక్తి కొత్తసీమకు వెళ్లినాడని పాస్టరు చిన్న అక్షరాలతో రాసిపెట్టిన సందర్భాలున్నాయి. ప్రభువు అనుమతికి రుసుము చెల్లించి వెళ్లినవారి పేర్లు సంస్థానం దస్తరాలలోను ఉంటాయి. రాత్రికి రాత్రి చెప్పకుండా వెళ్లిపోయినవారికి ఆ గుర్తు కూడా లేదు.

జర్మనీలో పేరు దొరికినంత మాత్రాన పని పూర్తికాదు. ఆ పేరుగల వ్యక్తి, వలస జరిగిన తరవాత కూడా ఆ ఊళ్లోనే పెళ్లి చేసుకొన్నట్లో, మరణించినట్లో పుస్తకంలో ఉంటే అతడు మనం వెతుకుతున్నవాడు కాడు. తేదీల విషయంలోను జాగ్రత్త అవసరం. ఇంగ్లండు, దాని వలసరాజ్యాలు 1752 వరకు పాత కేలండరునే పాటించాయి. పద్దెనిమిదో శతాబ్దిలో రెండు లెక్కలకు పదకొండు రోజుల తేడా ఉండేది. ఇంగ్లండులో నూతన సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. ఈ సంగతి తెలియనివానికి ఒకే మనిషి ఇద్దరుగా కనిపించే ప్రమాదముంది.

కొన్ని కుటుంబాల విషయంలో ఈ శ్రమ అక్కరలేదు. మూలవాసులకు, పెన్సిల్వేనియా ప్రభుత్వానికి మధ్య దుబాసీగా ప్రసిద్ధుడైన కాన్రాడ్ వైజర్ తన జీవితాన్ని స్వయంగా రాసుకొన్నాడు. తాను 1696లో వుర్టెంబర్గ్‌లో పుట్టిన సంగతి, 1709లో తల్లి మరణించిన సంగతి, తండ్రి పిల్లలను వెంటబెట్టుకొని బయలుదేరగా పెళ్లయిన అక్క వెనుక ఊళ్లోనే ఉండిపోయిన సంగతి, న్యూయార్క్‌లో గవర్నరు తన ఇద్దరు తమ్ముళ్లను వేరుచేసి పరాయివారికి అప్పగించిన సంగతి అన్నీ అందులో ఉన్నాయి. కొద్ది పుటల ఆ రాత లేకపోతే వైజర్ వంశీయులు కూడా నేడు ఓడ జాబితాలలో వెతుక్కొంటూ ఉండేవారు.

నేడు సాధనాలు పెరిగాయి. జర్మనీలోని ప్రొటెస్టెంట్ చర్చి పుస్తకాలు వేలసంఖ్యలో 2015 నుంచి ‘ఆర్కియాన్’ అనే వేదిక ద్వారా ఇంటర్నెట్‌లో లభిస్తున్నాయి. తండ్రినుంచి కొడుకుకు సంక్రమించే వై క్రోమోజోమును పరీక్షించి, ఒకే ఇంటిపేరుగల రెండు కుటుంబాలకు పితృపరంపర ఒకటా కాదా అని తేల్చవచ్చు. అయితే ఆ పరీక్ష ఒక ఉమ్మడి పూర్వుడున్నాడని చెప్పగలదు గాని అతని పేరు, ఊరు చెప్పలేదు. వాటికి మళ్లీ పాత పుస్తకాలే శరణ్యం.

సాధనాలు పెరిగినకొద్దీ తొందరపాటు కూడా పెరుగుతుంది. ఒకరు ఊహించి రాసినదాన్ని పదిమంది ఎత్తిరాసుకొంటే పదకొండు సాక్ష్యాలు కావు, ఒక ఊహే అవుతుంది. గొప్ప వంశం కావాలనుకొనేవారికి అమ్మేవారు కూడా దొరుకుతారు. ఇరవయ్యో శతాబ్ది మొదటి దశకాలలో గుస్తావ్ అంజూ అనే వ్యక్తి అమెరికన్ కుటుంబాలకు కల్పిత వంశావళులు తయారుచేసి డబ్బు గడించాడు. ఆ కల్పనలను తొలగించడం తరవాతివారికి పెద్ద పని అయింది. తప్పుడు పూర్వుణ్ణి స్వీకరించినవారు ఒక అబద్ధాన్ని నమ్మడంతో ఆగరు. ఓడలో మరణించిన అసలు తాతను, చాకిరీ చేసి బాకీ తీర్చిన అసలు నాయనమ్మను కూడా వారు పోగొట్టుకొంటారు.

కనుక మంచి పరిశోధకుడు తాను రాసే వంశవృక్షంలో మూడు రకాల విషయాలను వేరువేరుగా చూపుతాడు. పత్రాలవల్ల నిశ్చయమైనది ఒకటి, అనేక సూచనలవల్ల సంభావ్యమైనది మరొకటి, ఆధారం లేక కుటుంబంలో చెప్పుకొంటున్నది వేరొకటి. మొదటి కొమ్మ ఎక్కడ ఆగిపోతే అక్కడ ఖాళీ వదలడానికి సంకోచించడు. ఆ ఖాళీని చూసిన తరవాతి తరం పరిశోధకుడు ఏ పల్లె చర్చి పుస్తకంలోనో దానికి తగిన పంక్తిని కనుగొనవచ్చు. కల్పనతో నింపిన చోట ఎవరూ మళ్లీ వెతకరు.