ఇంటి పక్కన నారు పందిరి: ముందు పునాది, తర్వాతే షేడ్‌నెట్

పెరట్లో నారు పెంచుకోవడానికి చిన్న షేడ్‌నెట్ పందిరి ఎలా కట్టుకోవాలో ఈ వీడియోలో చూపించాను. పునాది లెక్కలు మాత్రం ఇక్కడ రాస్తున్నాను, కట్టేటప్పుడు దగ్గర పెట్టుకోండి.

ముందు నేను చేసిన తప్పు చెబుతా. మాది నల్లరేగడి. మొదటిసారి అడుగు లోతు గుంతలు తీసి, పైపులు నిలబెట్టి, చుట్టూ రాళ్ళూ మట్టీ కూరేశాను. ఇంత తేలిక పందిరికి పునాది ఎందుకులే అనుకున్నా. మే నెలలో ఒక్క ఈదురుగాలికి రెండు పైపులు ఊడి పైకి వచ్చేశాయి. మిర్చి, టమాట నారు ట్రేలన్నీ ఫ్రేము కింద నలిగిపోయాయి. డబ్బు సంగతి అలా ఉంచండి, బీజామృతం పట్టించి పోసిన మా సొంత నాటు విత్తనం పోయింది. బాధంతా అదే.

అప్పుడు అర్థమైంది. ఇంటికి పునాది బరువు మోయడానికి. పందిరికి పునాది గాలికి లేవకుండా పట్టి ఉంచడానికి.

చోటు: ఇంటికి తూర్పు పక్క అయితే మంచిది. పొద్దుటి ఎండ తగులుతుంది, మధ్యాహ్నం దాటాక ఇంటి నీడే నారును కాపాడుతుంది.

గుంతలు: అడుగున్నర పొడవు, అడుగున్నర వెడల్పు, 3 అడుగుల లోతు తీయించండి. అడుగున అర అడుగు మొరం పోసి దిమ్మిస కొట్టాలి. మిగతా రెండున్నర అడుగులు 1:2:4 కాంక్రీటు. ఘనపు అడుగు కాంక్రీటు సుమారు 68 కిలోలు ఉంటుంది. అంటే ఒక్కో పైపును దాదాపు 380 కిలోల బరువు పట్టుకొని ఉంటుంది. పైపు అడుగు భాగాన అడ్డంగా ఒక ఇనుప కడ్డీ వెల్డింగ్ చేయించండి, కాంక్రీటులోంచి జారి రాదు. కాంక్రీటును నేలకి రెండంగుళాలు పైకి లేపి, చుట్టూ వాలు ఇవ్వండి. పైపు మొదట్లో నీళ్ళు నిలిస్తే తుప్పు పడుతుంది.

గోడ: పైపుల ఖర్చు తగ్గుతుందని ఫ్రేమును ఇంటి గోడకు బిగించొద్దు. రేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలు తీస్తుంది. ఇల్లూ పందిరీ ఒకేలా కదలవు, చివరికి గోడకే పగుళ్ళు. గోడ వైపు కూడా విడిగా పైపులు వేయండి. ఇంటి పునాదిని ఆనుకొని తవ్వకండి, మూడడుగులు వదలండి.

నేల: లోపల సిమెంటు చేయించొద్దు. మట్టి నేల మీద కంకర పరిస్తే చాలు. ఇంటి నుంచి బయటికి 10 అడుగులకు 3 అంగుళాల వాలు పెట్టి, నీళ్ళు అరటి మొక్కలకు పోయేలా కాలువ తీయండి. గోడ పక్కన నీళ్ళు నిలవకూడదు.

ఇంకో మాట. సిమెంటు కలిపిన తట్టలు, పారలు కడిగిన నీళ్ళు మళ్ళలోకి వదలకండి. ఆ నీళ్ళ క్షారం మనం జీవామృతంతో పెంచుకున్న సూక్ష్మజీవులకు మంచిది కాదు.

కాంక్రీటును కనీసం వారం రోజులు తడపండి. ఆ తర్వాతే ఫ్రేము, అన్నిటికంటే ఆఖరున నెట్. మేస్త్రీ "ఇంత లోతు ఎందుకండీ" అంటాడు. నా మిర్చి నారు గుర్తు చేసుకొని తవ్వించండి.