ఫోనే గానీ ఫోను కాదట!

1996 మార్చిలో అమెరికా టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీకి ఒక వింత అర్జీ వచ్చింది. పెట్టింది దూర కాల్స్ అమ్ముకుని బతికే చిన్న కంపెనీల సంఘం. నెట్ మీద మాట్లాడుకునే సాఫ్ట్‌వేర్ అమ్మకాన్ని ఆపించమని వాళ్ల గోడు. ఇజ్రాయెల్ కంపెనీ వోకల్‌టెక్ అంతకు ముందు ఏడాదే ‘ఇంటర్నెట్ ఫోన్’ పేరుతో ఒక ప్రోగ్రామ్ విడుదల చేసింది. ఇద్దరి దగ్గరా కంప్యూటర్, మైకు, అదే ప్రోగ్రామ్ ఉండాలి. ఇద్దరూ ఒకే సమయంలో నెట్‌లో ఉండాలి. చాలా కంప్యూటర్లలో ఒకరు మాట్లాడుతుంటే రెండోవారు నోరు మూసుకుని వినాలి. ఇంత అవస్థపడి మాట్లాడుకునేవాళ్లను చూసి కూడా కంపెనీలు హడలిపోయాయంటే, అప్పట్లో నిమిషానికి ఎంత గుంజేవో ఊహించుకోవచ్చు. ఎఫ్‌సీసీ ఆ అర్జీని ఒప్పుకోలేదు, కొట్టెయ్యనూ లేదు. అలా పక్కన పడేసింది.

ఇంతకీ ఇది ఫోనా, కాదా? ఈ ప్రశ్నకు ముప్పై ఏళ్లుగా వస్తున్న జవాబుల్లో ఒక తమాషా ఉంది. డబ్బు కట్టాల్సినవాళ్లంతా ‘మాది ఫోను కాదు’ అంటారు. డబ్బు రావాల్సినవాళ్లంతా ‘అది ఫోనే’ అంటారు.

రెండు నెలల్లో రెండు మాటలు

2004 ఫిబ్రవరిలో జెఫ్ పుల్వర్ నడిపే ‘ఫ్రీ వరల్డ్ డయలప్’ ఫోను సేవ కాదని ఎఫ్‌సీసీ తేల్చింది. చేరినవాళ్లు తమలో తాము నెట్ మీదే మాట్లాడుకుంటారు, మామూలు ఫోన్ లైన్ జోలికి పోరు, ఎవరూ ఎవరికీ పైసా ఇవ్వరు. కాబట్టి పాత ఫోన్ నిబంధనలు వర్తించవన్నారు.

ఏప్రిల్‌లో ఏటీ అండ్ టీ వంతు వచ్చింది. తన దూర కాల్స్‌ను మధ్యదారిలో ఇంటర్నెట్ పద్ధతిలో మోస్తున్నాను గనుక, అవతలి ఊళ్లో కాల్‌ను అందించే ఫోన్ కంపెనీకి కట్టే రుసుము తనకు వర్తించదని వాదించింది. ఎఫ్‌సీసీ కుదరదంది. చేసేవాడు మామూలు ఫోన్‌లోంచే నంబరు నొక్కుతున్నాడు, అవతలివాడు మామూలు ఫోనే ఎత్తుతున్నాడు, మధ్యలో నువ్వు ఎలా మోసుకెళ్తే ఎవరిక్కావాలన్నది దాని సారాంశం. నాకైతే ఈ రెండో తీర్పే మొత్తం కథకు తాళంచెవిలా కనిపిస్తుంది. కొత్త టెక్నాలజీ పేరు చెప్పి పాత బాకీ ఎగ్గొట్టడం అక్కడితో కొంచెం కష్టమైంది.

పెట్టె ఎక్కడుంటే ఇల్లు అక్కడే

వోనేజ్ అనే కంపెనీ ఒక చిన్న పెట్టె ఇచ్చేది. బ్రాడ్‌బ్యాండ్‌కు ఒక పక్క, పాత ఫోను ఒక పక్క తగిలిస్తే చాలు, డయల్ టోన్ వస్తుంది. 2003లో మిన్నెసోటా రాష్ట్రం ‘మా దగ్గర ఫోన్ కంపెనీగా అనుమతి తీసుకో’ అని దానికి తాఖీదు ఇచ్చింది. వ్యవహారం కోర్టుకూ, అక్కడినుంచి ఎఫ్‌సీసీకీ చేరింది. 2004 నవంబరులో ఎఫ్‌సీసీ చెప్పింది వినండి: న్యూయార్క్ నంబరున్న పెట్టెను పట్టుకుని మనిషి ఏ రాష్ట్రానికైనా, ఏ దేశానికైనా పోవచ్చు, ఏ కాల్ రాష్ట్రంలోపలిదో ఏది బయటిదో విడదీయలేం, కాబట్టి రాష్ట్రాల పెత్తనం చెల్లదు.

అయితే గ్రామీణ ఫోన్ సేవలకు ఆసరా ఇచ్చే నిధికి చందా వసూలు చెయ్యాల్సి వచ్చేసరికి, అదే ఎఫ్‌సీసీ 2006లో ఒక అంకె పట్టుకొచ్చింది. కచ్చితంగా లెక్క చెప్పలేని కంపెనీ తన ఆదాయంలో 64.9 శాతం రాష్ట్రాల మధ్య కాల్స్‌దే అనుకుని కట్టొచ్చట. విడదీయలేనిదాన్ని దశాంశ స్థానంతో సహా విడదీశారు!

ఫోనుకు అంటించిన హెచ్చరిక

పెట్టె ఎక్కడికైనా పోతుందన్న సుగుణమే పెద్ద గండం కూడా. అమెరికాలో ఆపదొస్తే 911 నొక్కుతారు. పాత లైన్‌లో అయితే ఆ కాల్ ఏ ఇంటినుంచి వచ్చిందో పోలీసులకు వెంటనే తెలిసేది. నెట్ ఫోన్‌లో కాల్ తప్పుడు ఆఫీసుకు పోవడం, అసలు పోకపోవడం జరిగాయి. 2005లో ఎఫ్‌సీసీ కంపెనీలకు 120 రోజుల గడువిచ్చి 911ను సరిగా కలపమంది. ఈ ఫోనుకున్న పరిమితులు తెలుసని ప్రతి ఖాతాదారు చేతా ఒప్పుకోలు తీసుకోమంది. ఫోను మీద అంటించుకోవడానికి హెచ్చరిక స్టిక్కర్లు పంపించమంది. సిగరెట్ పెట్టెలాగా అన్నమాట.

ఇది నవ్వులాట కాదని కెనడా చూసింది. 2008లో కాల్గరీలో ఒక కుటుంబం, పసివాడికి ప్రాణం మీదికి వస్తే, నెట్ ఫోన్ నుంచి 911కు చేసింది. అంబులెన్స్ వాళ్ల పాత చిరునామాకు, వేల కిలోమీటర్ల దూరంలోని మరో రాష్ట్రానికి వెళ్లింది. బిడ్డ దక్కలేదు. ఇల్లు మారినప్పుడు గ్యాస్ కనెక్షన్ మార్చుకున్నట్టు ఫోను చిరునామా కూడా మార్చుకోవాలని ఎవరికి తడుతుంది?

పదహారేళ్లకు నాలుగు డాలర్లు

వోనేజ్ 2006 మే 24న షేరు 17 డాలర్ల చొప్పున అమ్మి 53 కోట్ల డాలర్లు సమీకరించింది. తన ఖాతాదారులకు కూడా కొన్ని షేర్లు కేటాయించింది. మొదటిరోజే ధర 15 డాలర్ల కిందికి జారింది. కొందరు ఖాతాదారులు ‘ఈ ధరకు మాకు వద్దు’ అని డబ్బు కట్టడం మానేశారు.

మరుసటి ఏడాది పేటెంట్ల దెబ్బ. నంబర్లకూ నెట్ చిరునామాలకూ లంకె వేసే పద్ధతుల వంటివి తమవని ఫోన్ కంపెనీ వెరైజన్ వేసిన కేసులో జ్యూరీ 5 కోట్ల 80 లక్షల డాలర్లు కట్టమంది. ఏప్రిల్‌లో జడ్జి కొత్త ఖాతాదారులనే చేర్చుకోవద్దన్నారు. అదేరోజు పై కోర్టు ఆ ఉత్తర్వును ఆపింది. ఆ వెనకే స్ప్రింట్, ఏటీ అండ్ టీ కూడా తమ పేటెంట్లు పట్టుకుని వచ్చాయి. చట్టం ఆపలేకపోయినదాన్ని పేటెంట్లు దాదాపు ఆపేశాయి. 2008 చివర్లో షేరు ఒక డాలరు కంటే దిగువన ఉంది.

అలాంటి కంపెనీని 2022లో టెలికాం పరికరాల కంపెనీ ఎరిక్సన్ షేరుకు 21 డాలర్లిచ్చి, మొత్తం 620 కోట్ల డాలర్లకు కొన్నది. మొదట్లో 17 డాలర్లకు కొని పదహారేళ్లు గట్టిగా పట్టుకున్నవాడికి షేరుకు మిగిలింది నాలుగు డాలర్లు. కొన్న మరుసటి ఏడాదే ఎరిక్సన్ తన ఖాతాల్లో దాని విలువలో సుమారు సగం తగ్గించి రాసుకుంది.

మనవాళ్లకు వోనేజ్ వేరే విధంగా గుర్తుంటుంది. 2009 ఆగస్టులో నెలకు 24.99 డాలర్లకు అరవైకి పైగా దేశాలకు అపరిమితమంటూ ఒక ప్లాన్ పెట్టింది. అందులో భారత్ ఉంది. కాలింగ్ కార్డు వెనక గీకి, పద్నాలుగంకెలు నొక్కి, అమ్మతో మాట మధ్యలో ‘ఇంకో నిమిషం మిగిలింది’ అన్న గొంతు విన్న ఎన్నారై ఇళ్లలో ఆ ప్లాన్ పండగే. అదెలా గిట్టుబాటైంది? ఆ ఏడాది మన దేశ టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ విదేశీ కాల్‌ను ఇక్కడ అందించే రుసుమును నిమిషానికి 40 పైసలుగా పెట్టింది. అప్పటి మారకంలో అమెరికన్ సెంటుకు కూడా తక్కువ. అమెరికాలోని తెలుగువాళ్లు గంటలకొద్దీ మాట్లాడుకోవడంలో ఆ తక్కువ రుసుము పాత్ర కూడా ఉందన్నమాట.

ఏడాది డబ్బు ముందే కట్టినవాళ్లు

వోనేజ్ లాంటిదే మరో కంపెనీ సన్‌రాకెట్ ఏడాదికి 199 డాలర్లు ముందే తీసుకుని ఎంతైనా మాట్లాడుకోమనేది. 2007 జూలైలో చెప్పాపెట్టకుండా మూతపడింది. రెండు లక్షలమందికి పైగా డయల్ టోన్ కోసం వెతుక్కున్నారు. నంబరును వేరే కంపెనీకి మార్చుకునే హక్కు నెట్ ఫోన్లకూ వర్తిస్తుందని ఎఫ్‌సీసీ స్పష్టంగా చెప్పింది ఆ నవంబరులో. దొంగలు పడ్డ ఆరునెలలకు కుక్కలు మొరిగాయనలేం గానీ, నాలుగు నెలలైతే పట్టింది.

ఇల్లు కొన్నారు, పునాది కొనలేదు

ఈబే 2005లో స్కైప్‌ను 260 కోట్ల డాలర్లకు కొన్నది. కాల్స్‌ను కంప్యూటర్ల మధ్య నడిపించే మూల సాంకేతికత మాత్రం స్థాపకులు జెన్‌స్ట్రోమ్, ఫ్రీస్‌ల వేరే కంపెనీ జోల్టిడ్ చేతిలోనే ఉండిపోయింది. 2009లో స్కైప్‌ను ఈబే అమ్మబోతే జోల్టిడ్ కోర్టుకెక్కింది. రాజీలో స్థాపకులకు మళ్లీ 14 శాతం వాటా దక్కింది. తర్వాత మైక్రోసాఫ్ట్ 850 కోట్ల డాలర్లిచ్చి తీసుకుంది. 2025 మే 5న స్కైప్ మూతపడింది.

స్కైప్ కూడా ‘మేం సాఫ్ట్‌వేర్ మాత్రమే’ అని యూరప్‌లో వాదించింది. డబ్బు తీసుకుని మామూలు ఫోన్ నంబర్లకు కాల్స్ కలిపే దాని సేవ టెలికాం సేవేనని 2019 జూన్‌లో ఐరోపా న్యాయస్థానం బెల్జియం కేసులో తీర్పిచ్చింది. సరిగ్గా ఎనిమిది రోజుల తర్వాత అదే న్యాయస్థానం జీమెయిల్ మాత్రం టెలికాం సేవ కాదంది.

దారి మూసేవాళ్లు

పనామా ప్రభుత్వం 2002లో నెట్ కాల్స్ ఆపడానికి 24 పోర్టులు, అంటే నెట్ సమాచారం రాకపోకల ద్వారాలు, మూసెయ్యమని ఆదేశించింది. అవే పోర్టుల మీద వేరే పనులూ నడుస్తాయన్న సంగతి తర్వాత తెలిసొచ్చింది. నార్త్ కరోలినాకు చెందిన మాడిసన్ రివర్ అనే చిన్న ఫోన్ కంపెనీ తన బ్రాడ్‌బ్యాండ్‌లో నెట్ కాల్స్‌ను అడ్డుకుంటే 2005లో 15 వేల డాలర్లు కట్టి ఇక చెయ్యనని రాసిచ్చింది. నెట్‌లో ఏ సేవనూ అడ్డుకోకూడదనే నెట్ న్యూట్రాలిటీ గురించి రాసేవాళ్లు ఇప్పటికీ ఆ చిన్న మొత్తాన్నే ఉదాహరిస్తారు.

గల్ఫ్‌లో ఇది పుస్తకాల్లో సంగతి కాదు. జగిత్యాల, నిజామాబాద్, కోనసీమ, కడప ప్రాంతాలనుంచి దుబాయ్ వెళ్లినవాళ్లకు వాట్సాప్‌లో మెసేజ్ పోతుంది, ఫొటో పోతుంది, కాల్ పోదు. యూఏఈలో లైసెన్సున్న యాప్‌లకే కాల్స్ అనుమతి. బోటిమ్ వాటిలో పేరున్నది. ఎతిసలాత్ కంపెనీ అలాంటి యాప్‌ల కాల్స్‌కు మొబైల్‌కు నెలకు 50 దిర్హామ్‌ల ప్యాకేజీ పెట్టింది. సౌదీ అరేబియా 2017 సెప్టెంబరులో నిషేధం ఎత్తేసింది. దుబాయ్‌లో ఉన్న అన్న మాత్రం ఇంట్లోవాళ్ల చేత ఇంకో యాప్ వేయిస్తాడు.

అమెరికాకు సరే, పక్కింటికి వద్దు

మన దేశంలో నెట్ కాల్స్‌కు తలుపు తెరిచింది 2002 ఏప్రిల్ 1న. విదేశీ కాల్స్ మీద వీఎస్ఎన్ఎల్ గుత్తాధిపత్యం ముగిసింది కూడా అదేరోజు. తలుపు తెరిచిన తీరు చూడాలి. కంప్యూటర్ నుంచి కంప్యూటర్‌కు చేసుకోవచ్చు. కంప్యూటర్ నుంచి అమెరికాలోని ఫోనుకు చేసుకోవచ్చు. కంప్యూటర్ నుంచి మన దేశంలోని ఫోనుకు మాత్రం కూడదు. అన్ని అడ్డంకులూ తీసెయ్యమని ట్రాయ్ 2008లోనే సిఫారసు చేసినా పదేళ్లు నలిగింది. 2014 నవంబరులో స్కైప్ మన దేశంలోపల ఫోన్లకు కలిపే సేవను ఆపేసింది. 2018లో టెలికాం శాఖ అనుమతించాక బీఎస్ఎన్ఎల్ ‘వింగ్స్’ అనే నెట్ కాల్స్ సేవ తెచ్చింది, ఏడాదికి 1,099 రూపాయలు. అప్పటికి జనం చేతిలో జియో ఉంది, ఇక దీన్నెవరడుగుతారు?

సిమ్ బాక్సుల బాగోతం

విదేశీ కాల్ ఇక్కడ దిగినప్పుడు దాన్ని తెచ్చిన కంపెనీ ఇక్కడ అందించే కంపెనీకి నిమిషానికి కొన్ని పైసలు రుసుము కట్టాలి. 2020 మే నుంచి అది 35 నుంచి 65 పైసల మధ్య. ఈ పైసల కోసమే ఒక చీకటి వ్యాపారం నడుస్తోంది. గల్ఫ్‌లో చేసిన కాల్ నెట్ మీద ఏదో అద్దె గదికి వస్తుంది. అక్కడ డజన్లకొద్దీ సిమ్‌లు గుచ్చిన పెట్టె దాన్ని లోకల్ కాల్‌గా బయటికి వదులుతుంది. దుబాయ్ నుంచి కాల్ వస్తే మీ ఫోన్‌లో ముక్కూమొహం తెలియని మన దేశపు మొబైల్ నంబరు కనిపించిందంటే ఇదే కారణం కావచ్చు. హైదరాబాద్‌లోనూ ఇలాంటి గదులు పోలీసులకు దొరికాయి. ప్రభుత్వానికి ఆదాయం పోవడం ఒక బాధ, ఎవరు ఎక్కడినుంచి మాట్లాడారో పట్టుకోలేకపోవడం ఇంకా పెద్ద బాధ.

నంబరు మార్చి చూపించే మోసం దీనికి కవల. విదేశం నుంచి వస్తూ +91 వేషం వేసుకున్న కాల్స్‌ను ఆపే వ్యవస్థను కేంద్రం 2024 అక్టోబరులో మొదలుపెడితే, మొదటి 24 గంటల్లోనే సుమారు 1.35 కోట్ల కాల్స్ ఆగాయి.

కరెంటు పోతే?

పాత రాగి తీగ ఫోనుకు 48 వోల్టుల కరెంటు ఎక్స్‌ఛేంజ్ నుంచే వచ్చేది. ఊరంతా చీకటైనా అది మోగేది. నెట్ ఫోనుకు రౌటర్ వెలగాలి. బ్రిటన్ పాత లైన్లను పూర్తిగా తీసెయ్యాలని పెట్టుకున్న 2025 గడువును 2027 జనవరికి జరపడానికి ఒక ముఖ్య కారణం, ఒంటరిగా ఉండే వృద్ధుల మెళ్లోని ఆపద బటన్లు ఆ లైన్ల మీదే నడవడం.

డెబ్భై అయిదు ఎంబీలకు డెబ్భై అయిదు రూపాయలు

2014 డిసెంబరులో ఎయిర్‌టెల్ నెట్ కాల్స్‌కు వేరే ప్యాక్ ప్రకటించింది, 75 ఎంబీకి 75 రూపాయలు. జనం భగ్గుమన్నారు, వారం తిరక్కుండా వెనక్కి తీసుకుంది. మరుసటి ఏడాది మార్చిలో నెట్ కాల్స్ వంటి సేవల మీద ట్రాయ్ అభిప్రాయాలు అడిగితే పది లక్షలకు పైగా ఈమెయిళ్లు వెళ్లాయి. ట్రాయ్ వాటన్నిటినీ రాసినవాళ్ల ఈమెయిల్ చిరునామాలతో సహా బయట పెట్టేసింది.

2019 డిసెంబరులో అదే ఎయిర్‌టెల్ అదనపు రుసుమేమీ లేకుండా వైఫై కాలింగ్ మొదలుపెట్టింది. 4జీలో వోల్టీ పేరుతో మనం చేసే ప్రతి కాల్ కూడా ఇంటర్నెట్ పద్ధతిలోనే పోతుంది. అయినా తగవు తీరలేదు. వాట్సాప్ వంటివాటికి నిబంధనలు ఇప్పుడే అక్కర్లేదని ట్రాయ్ 2020లో చెప్పింది, 2023లో మళ్లీ అదే చర్చాపత్రం తీసింది. కొత్త టెలికాం చట్టం ఈ యాప్‌లకు వర్తించదని కేంద్రమంత్రి అన్నారు. కాల్స్ నుంచి వచ్చే నిమిషాల డబ్బు పోయాక, టెలికాం కంపెనీలు ఇప్పుడు అడుగుతున్నది వేరు: పెద్ద యాప్‌లు మా నెట్‌వర్క్ మీద పారించే డేటాకు ఖర్చులో వాటా ఇవ్వాలట.