మిర్యాలగూడలో తప్పు ఎక్కడుంది?

మన క్లబ్ కోసం పద్యంలో గురువు, లఘువు గుర్తుపట్టే చిన్న ప్రోగ్రామ్ ఒకటి పైథాన్‌లో రాస్తున్నాను. ఛందస్సులో నేను ఎల్‌కేజీ. అందుకే పద్యాల జోలికి పోకుండా ముందు మన ఊళ్ళ పేర్లతో టెస్ట్ చేశాను. ఒక టెక్స్ట్ ఫైల్ నిండా పేర్లు, పక్క ఫైల్‌లో వాటి జవాబులు. సూర్యాపేట అంటే గగగల, కోదాడ అంటే గగల.

రన్ చేస్తే టెస్ట్ ఫెయిల్. స్క్రీన్ నిండా ఎర్ర అక్షరాలు. తప్పు 14వ లైన్‌లో ఉందంది. తీరా చూస్తే అది పేర్లన్నిటినీ తిప్పే లూప్‌లోని అసర్ట్. ఏ పేరు తప్పినా అదే 14 వస్తుంది. పైగా మొదటి తప్పు దగ్గరే ఆగిపోతుంది, మిగతావి ఎన్నున్నాయో తెలీదు. రాత్రి పదకొండింటికి ఫైల్‌లో ఒక్కో పేరూ వేలు పెట్టి చదువుతుంటే మా రూమ్మేట్, "మామా, అడ్రస్ లేని ఉత్తరం పట్టుకుని ఊరంతా తిరుగుతున్నావురా" అన్నాడు. నిజమే. లోపం టెస్ట్‌లో లేదు, అది చెప్పే పద్ధతిలో ఉంది.

ఎడిటర్‌కి అర్థమయ్యే అడ్రస్‌కి ఒక పాత పద్ధతి ఉంది: ఫైల్ పేరు, కోలన్, లైన్ నంబర్, కోలన్, కాలమ్ నంబర్, కోలన్, విషయం. గ్నూ వాళ్ళ కోడింగ్ నియమాల్లో ఉన్నది ఇదే. జీసీసీ కంపైలర్ తప్పులు చూపించేదీ ఇలాగే. లైన్, కాలమ్ రెండూ 1 నుంచే మొదలవ్వాలి, 0 నుంచి కాదు. ఈ ఆకారం కనిపిస్తే విమ్ దాన్ని క్విక్‌ఫిక్స్ లిస్ట్‌లో పెడుతుంది, ఈమాక్స్ కంపైల్ విండోలో లింక్ చేస్తుంది. వీఎస్ కోడ్‌లో అయితే టాస్క్‌కి ప్రాబ్లమ్ మ్యాచర్ తగిలించాలి. అప్పుడు తప్పు మీద నొక్కితే నేరుగా ఆ చోటికే వెళ్తాం.

నేను చేసిన మార్పులు మూడు. ఒకటి, మొదటి తప్పు దగ్గర ఆగకుండా అన్నీ పోగుచేసి, చివర్లో ప్రింట్ చేసి, ఎగ్జిట్ కోడ్ 1 ఇచ్చాను. రెండు, ఒక తప్పుకి ఒక్కటే లైన్. పైటెస్ట్ వాడేవాళ్ళకి ఇందుకోసం టీబీ అనే ఆప్షన్ ఉంది, దానికి లైన్ అని ఇస్తే చాలు. మూడు, అసలైనది: టెస్ట్ ఫైల్ అడ్రస్ కాకుండా పేర్ల ఫైల్ అడ్రస్ ఇచ్చాను. తప్పు ఎక్కడ బయటపడిందో కాదు, మనిషి ఎక్కడికెళ్ళి చూడాలో అది చెప్పాలి. ఇప్పుడు ఇలా వస్తోంది:

ఊళ్ళు.టీఎక్స్‌టీ:3:11: ఎర్రర్: మిర్యాలగూడ: రావాల్సింది గగలగల, వచ్చింది లగలగల

చదవగానే జబ్బు తెలిసిపోయింది. సంయుక్తాక్షరం ముందున్న హ్రస్వం కూడా గురువే. "ర్యా" ముందున్న "మి"ని నా ప్రోగ్రామ్ లఘువు అనుకుంది. సూర్యాపేటలో ఈ తప్పు దాక్కుంది, ఎందుకంటే అక్కడ "సూ" ఎలాగూ దీర్ఘం.

ఇంతటితో అయిపోయిందనుకున్నా. కాలమ్ దగ్గర మళ్ళీ దెబ్బ తగిలింది. మూడో లైన్‌లో "సూర్యాపేట మిర్యాలగూడ" అని ఉంది. రెండో పేరు ఎన్నో కాలమ్‌లో మొదలవుతుంది? కంటికి సూర్యాపేట నాలుగు అక్షరాలు, తర్వాత ఖాళీ, కాబట్టి 6. యూనికోడ్‌లో గుణింతం గుర్తులు, పొల్లు కూడా విడిగా లెక్కకొస్తాయి. సూర్యాపేట 9 అవుతుంది, కాబట్టి కాలమ్ 11. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు గుర్తుకి 3 బైట్లు, మొత్తం 27, కాబట్టి కాలమ్ 29. వీఎస్ కోడ్ 11ని ఒప్పుకుంటుంది. విమ్ మామూలుగా కాలమ్‌ని బైట్లలో లెక్కపెడుతుంది, దానికి 29 కావాలి. విమ్‌కి 11 ఇస్తే కర్సర్ మొదటి పేరులోని "ర్యా" మీద వాలింది.

ఇంగ్లిష్ అక్షరానికి ఒక్కటే బైట్ కాబట్టి ఇంగ్లిష్ టెక్స్ట్‌తో ఈ తేడా ఎప్పుడూ బయటపడదు. ఇన్నేళ్ళు ఇంగ్లిష్ మీడియంలో చదివిన నాకు, ఒక అక్షరం అంటే ఏంటో ఈ ప్రోగ్రామ్ మళ్ళీ నేర్పింది.

ఇప్పుడు ఏ ఎడిటరో అడిగి దానికి తగ్గ నంబర్ ఇస్తున్నాను. మీకు అంత ఓపిక లేకపోతే కాలమ్ వదిలేసి ఫైల్, లైన్ మాత్రం ఇవ్వండి. తప్పు అడ్రస్ కన్నా సగం అడ్రస్ నయం. రూమ్మేట్ కోరిక మీద తర్వాతి టెస్ట్ ఫైల్ పద్యాలదే. మీకు నచ్చిన పద్యాలు పంపండి, గణాలు మాత్రం మీరే విడగొట్టి పంపండి. నాది ఇంకా ఎల్‌కేజీయే.